సర్దార్ల గుడికి పరుపు

పరుపు బాగా కుదిరితే కుట్టినామెను పొగుడుతారు. లోపల దూది నింపిన మనిషిని తలుచుకున్న పాపాన ఎవరూ పోరు. జైతూన్‌బీకి ఈ సంగతి కొత్తేమీ కాదు. కానీ ఆ బుధవారం పొద్దున హజరత్తయ్య తెచ్చిన కబురు విన్నాక మాత్రం ఒంటికి కారం పూసినట్టయింది ఆమెకు.

బుచ్చిరెడ్డిపాలెంలో రైసుమిల్లు సందు మొదట్లో వాళ్ళ పరుపుల దుకాణం. ముందు అరుగు, వెనక కిటికీ లేని గది. అరుగు మీద కూర్చుని తోడికోడలు షబానా కుడుతుంది. వెనక గదిలో, దూదేకే మిషను పక్కన, ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని జైతూన్‌బీ నింపుతుంది. దారిన పోయేవాళ్ళకు షబానా కనపడుతుంది, ఆమె గాజులు కనపడతాయి, మూరెడు దబ్బనం ఆమె చేతిలో పైకీ కిందికీ ఆడటం కనపడుతుంది. జైతూన్‌బీ దగ్గు మాత్రం వినపడుతుంది. "లోపల ఎవరో ముసలామె ఉన్నట్టుందే" అని మొన్నొక పెళ్ళివాళ్ళు అడిగారు కూడా. జైతూన్‌బీకి ఇంకా యాభై నిండలేదు.

హజరత్తయ్య ఆమె భర్త మౌలాకు చిన్నాయన కొడుకు. దొరవారిసత్రం దగ్గర హైవే పక్కన పంచరు అంగడి పెట్టుకున్నాడు. ఎప్పుడో పండక్కి తప్ప ఇటు రానివాడు, ఆ రోజు బస్సు దిగి నేరుగా దుకాణానికే వచ్చాడు.

"బో మంచి పని తెచ్చినా వదినా," అన్నాడు అరుగు మీద చతికిలబడి. "మా అంగడి పక్కన సర్దార్ల డాబా ఉండాదే, దాని వెనకాల వాళ్ళ గుడి కొత్తగా కట్టుకున్నారు. ఈ ఆదివారం తెరస్తారు. దాంట్లోకి ఒక పరుపు, మూడు దిండ్లు కావాలంట. పోయినేడు షబానా కుట్టిచ్చిన బొంత నా అంగట్లో మంచం మీద ఉండాది గదా, దాన్ని ఆ డాబా పెద్దామె చూసింది. ఈ చెయ్యి ఎవురిదో ఆమే కుట్టాలని పట్టుబట్టింది. నేను పేరు గూడా చెప్పేసినా."

షబానా దబ్బనం ఆపి తల వంచుకుంది. "నాదేముంది బావా," అంది. అంతే. 'అక్క నింపింది' అన్న మాట ఆ నోట్లోంచి రాలేదు. గడపలో నిలబడిన జైతూన్‌బీ ఆ మాట కోసమే ఎదురుచూసింది. ఆ బొంతకు దూది ఏకింది ఎవరు, పొర మీద పొర పరిచింది ఎవరు? బొంత పైనున్న దారం కంటికి ఆనింది గానీ, కింద వెచ్చగా ఉన్నదేమిటో ఆ పెద్దామెకు తోచలేదా?

"ఇంకో సంగతి," అన్నాడు హజరత్తయ్య. "ఆదివారం షబానా రావాలంట. గుళ్ళో అందరి ముందర పిలిచి మెడలో కాషాయం గుడ్డ వేస్తారంట. వాళ్ళల్లో అంతకు మించిన మర్యాద లేదంట."

మౌలా కొలతలు అడిగాడు. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు అన్నాడు హజరత్తయ్య. మౌలా టేపు పట్టుకుని నేల మీద కొలిచి చూసి నవ్వాడు.

"ఇదేం కొలత రా, దీంట్లో ఎవురు పడుకుంటారు?"

"నాకేం తెలుసన్నా. ఇన్నేళ్ళుగా పక్కనే ఉండానే గానీ లోపలికి పోయినోణ్ణి కాదు."

"ఎవురో పొట్టి సామి ఉంటాడు," అని మౌలా తేల్చేశాడు. "ముడుచుకుని పడుకుంటాడేమో." తర్వాత భార్య వైపు తిరిగాడు. "తమ్ముడు షాహుల్ విడవలూరు పక్క పల్లెలకు పరుపులేసుకుని పోయినాడు, సోమవారానికి గానీ రాడు. ఆ పిల్ల ఒక్కతే అంత దూరం ఎట్టా పోతాది. నువ్వు తోడు పోయి రా మే."

తోడంట. పెళ్ళై వచ్చిన కొత్తల్లో దబ్బనం ఏ పక్క పట్టుకోవాలో కూడా తెలియని పిల్లకు వేలు పట్టి కుట్టు నేర్పింది తను. ఇప్పుడు ఆ పిల్లకు సన్మానం, తను తోడు. జైతూన్‌బీ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. రాత్రి అన్నాల దగ్గర ఆమె బదులు గిన్నెలు మాట్లాడాయి.

గురువారం బూరుగు దూది మూట విప్పింది. ఎంత కడుపుమంట ఉన్నా పని దగ్గర జైతూన్‌బీ చెయ్యి దారి తప్పదు. గింజలు ఏరింది, మిషనులో వేసి ఏకింది, ఏకినదాన్ని మళ్ళీ ఏకింది. గది నిండా తెల్లటి నుసి లేచి ఆమె కనుబొమల మీద, చెవుల మీద వాలింది. మూడు వైపులా కుట్టిన పరుపు గుడ్డలోకి భుజం దాకా చెయ్యి దూర్చి మూలల నుంచి మొదలుపెట్టింది. మూలలు గట్టిగా కూరాలి. అంచుల్లో గుప్పెడు ఎక్కువ పడాలి. నడుమ మాత్రం దూదిని కూరకూడదు, వేళ్ళతో విప్పుతూ పరచాలి. పరిచాక బెత్తంతో పైన తడితే ఎక్కడ పల్లముందో చప్పుడే చెబుతుంది.

షబానా వచ్చి గడప దగ్గర నిలబడింది. "అక్కా, నన్ను గూడా ఒక చెయ్యి వెయ్యనియ్యి. మూలలు ఎట్టా కూరతావో చూపించు."

"నీకెందుకు ఈ దుమ్ము," అంది జైతూన్‌బీ వెనక్కి తిరగకుండానే. "పొయ్యి అరుగు మీద కూర్చో. నీ మొహం కనపడకపోతే బేరగాళ్ళు ఎదర దుకాణానికి పోతారు."

షబానా తిరిగి అరుగు మీదికి వెళ్ళిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్ళినప్పుడు జరిగింది అసలు సంగతి. రెండు కుటుంబాలకూ ఒకే ఇల్లు, చెరొక గది. షబానా గది తలుపు ఓరగా తీసి ఉంది. చూడాలని చూడలేదు జైతూన్‌బీ, కానీ చూశాక కళ్ళు తిప్పుకోలేదు. షబానా బీరువా అద్దం ముందు నిలబడి, షాహుల్ కొత్త తువ్వాలు మెడలో వేసుకుని చూసుకుంటోంది. కుడి భుజం మీద వేసుకుంది, నచ్చలేదు. రెండు భుజాల మీదకూ వేసుకుంది. ఎవరో వేస్తున్నట్టు తల కొంచెం వంచింది. ఒకసారి సిగ్గుపడుతూ చూసుకుంది, ఇంకోసారి సిగ్గుపడకుండా చూసుకుంది.

అసూయ చెదలాగా నెమ్మదిగా పడుతుందంటారు. జైతూన్‌బీకి ఇన్నేళ్ళూ పట్టింది చాలక ఆ పూట ఒక్కసారిగా పుట్టంత లేచింది. అన్నం తినకుండానే దుకాణానికి తిరిగొచ్చింది. మౌలా మసీదు నుంచి ఇంకా రాలేదు. వెనక గదిలో మూలన, పాత పరుపులు చించి తీసిన పత్తి పోగుపడి ఉంది. అది పనికిరాదని పారబోసేదే. అందులోంచి గట్టిపడి రాయిలాగా అయిన ఒక ఉండను వెతికి తీసింది. పెద్ద నిమ్మకాయంత ఉంటుంది. లోపల గింజలు కూడా ఉన్నాయి. దాన్ని పిడికిట్లో పట్టుకుని, తెరిచి ఉన్న వైపు నుంచి చెయ్యి దూర్చి, పడుకున్న మనిషికి సరిగ్గా వీపు ఆనే చోట పెట్టింది. పైన పల్చగా దూది కప్పింది.

'పడుకో సామీ,' అనుకుంది. 'పొద్దున్నే నడుము పట్టుకుని లేచి, షబానా అంటే ఎవురని అడుగు.'

తప్పని తెలుసు. తెలిసే చేసింది. చేసి చేతులు దులుపుకున్నాక, బుధవారం తర్వాత మొదటిసారి ఆకలి వేసింది. ఇంటికి వెళ్ళి చల్లారిన అన్నంలోనే పులుసు పోసుకుని కడుపునిండా తిన్నది.

శనివారం షబానా అరుగు మీద కూర్చుని పరుపు మూతి మూసి, అంచు తిప్పి, టాకాలు వేసింది. దబ్బనం పైనుంచి కిందికి దించడం, కింద నుంచి పైకి లాగి బిగించి ముడి వేయడం, వరుస తప్పకుండా అటు నుంచి ఇటు దాకా ఇదే పని. జైతూన్‌బీ ఆ పక్కకు రాలేదు. దిండ్లలో దూది కూరుతూ లోపలే ఉండిపోయింది. సాయంత్రం మౌలా పరుపును లోపలికి తెచ్చి బల్ల మీద వేశాడు. "చూడు మే, టాకాలు ముత్యాలు పేర్చినట్టు వేసింది," అన్నాడు. జైతూన్‌బీ చూడకుండానే బాగుందని చెప్పింది.

ఆదివారం తెల్లగుడ్డలో చుట్టిన పరుపునూ దిండ్లనూ తీసుకుని ఇద్దరూ నెల్లూరులో బస్సు మారారు. వెనక సీటు మీద పరుపు పెట్టి, దానికి చెరో పక్క కూర్చున్నారు. షబానా ఆకుపచ్చ చీర కట్టింది, తలలో మల్లెపూలు పెట్టింది. గూడూరు దాటేదాకా ఏదో ఒకటి మాట్లాడింది. జైతూన్‌బీ ఊ అంటే ఊ, లేకపోతే అదీ లేదు. నాయుడుపేట దాటాక షబానా కూడా ఊరుకుంది.

దొరవారిసత్రం దగ్గర దిగేసరికి పులికాటు మీద నుంచి ఉప్పుగాలి కొడుతోంది. హైవే పక్కన బారులు తీరి లారీలు, వాటి వెనక డాబా, డాబా వెనక తెల్లగా సున్నం వాసన వేస్తున్న గుడి. ముందర ఎత్తయిన స్తంభానికి కింద నుంచి పైదాకా కాషాయం గుడ్డ చుట్టి, కొసన జెండా కట్టారు. హజరత్తయ్య తలకు చేతిరుమాలు కట్టుకుని ఎదురొచ్చాడు. "తల మీద గుడ్డ లేకుండా పోగూడదంట," అన్నాడు. జైతూన్‌బీ చెయ్యి అలవాటుగా కొంగు మీదికి పోయింది. అది అప్పటికే తల మీద ఉంది. చెప్పులు విడిచారు, గుమ్మం ముందు పారుతున్న నీళ్ళలో కాళ్ళు కడుక్కున్నారు. దర్గాకు పోయినట్టే ఉందే అనుకుంది జైతూన్‌బీ. ఆ వెంటనే, తను ఏ పని మీద వచ్చిందో గుర్తొచ్చి మొహం ముడుచుకుంది.

డాబా పెద్దామె ఎదురుగా వచ్చింది. ఎత్తూ లావూ అయిన మనిషి, జుట్టంతా తెల్లబడింది. తెలుగంతా లారీ క్లీనర్ల దగ్గరే నేర్చుకున్నట్టుంది, ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ అందరినీ అన్నా అనే పిలుస్తోంది.

"షబానా ఎవరన్నా?"

హజరత్తయ్య చూపించాడు. పెద్దామె షబానా రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూసి, కళ్ళకద్దుకున్నంత పని చేసింది. "నువ్వెవరన్నా?" అని జైతూన్‌బీని అడిగింది.

"తోడు వచ్చినా," అంది జైతూన్‌బీ.

లోపల పెద్ద హాలు. నేలంతా తెల్ల దుప్పట్లు పరిచారు. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కింద కూర్చున్నారు. లారీ డ్రైవర్లు, వాళ్ళ పిల్లలు, ఊళ్ళోవాళ్ళు కొందరు. బొమ్మ లేదు, పటం లేదు. ఎదురుగా చాందినీ కింద ఎత్తుగా ఒక పీఠం, దాని మీద మెరిసే గుడ్డలు. వెనక తెల్లగడ్డం పెద్దాయన ఒకడు కూర్చుని చామరం విసురుతున్నాడు. ఈయనే సామి అనుకుంది జైతూన్‌బీ. అంతలో ఆయన లేచి నిలబడ్డాడు. ఆరడుగులు దాటి ఉన్నాడు. ఈ మనిషి ఆ పరుపు మీద పడుకుంటే మోకాళ్ళ కిందిదంతా నేల మీదే. మరి సామి ఎక్కడ?

పెద్దామె వాళ్ళను పక్కనున్న చిన్న గదిలోకి తీసుకుపోయింది. గోడలకు కొత్త రంగు. మధ్యలో పొట్టి మంచం, దాని మీద చిన్న చాందినీ, పైన ఫ్యాను. గడ్డం పెద్దాయన కూడా వెనకే వచ్చాడు.

"ఇక్కడ వెయ్యాలన్నా పరుపు," అంది పెద్దామె.

"పడుకునే సామి ఏడమ్మా?" అని అడిగింది జైతూన్‌బీ.

పెద్దామెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వింది. హాల్లో ఉన్న పీఠం వైపు చెయ్యి చూపింది. "మాకు మనిషి సామి లేడన్నా. ఆ గుడ్డల కింద పుస్తకం ఉంది. అదే మా గురువు. పొద్దున లేపుతాం, అక్కడ కూర్చోబెడతాం, చదువుతాం, వింటాం. సాయంత్రం నెత్తిన పెట్టుకుని ఈ గదికి తెస్తాం, పడుకోబెడతాం. చలికాలం రజాయి కప్పుతాం. ఎండాకాలం ఫ్యాను వేస్తాం. ఈ పరుపు ఆయనకే."

జైతూన్‌బీకి ముందు కలిగింది చిరాకు. ఉన్నమాట చెప్పాలంటే అంతే. పుస్తకానికి వీపుందా, నొప్పుందా? పొద్దున్నే లేచి షబానా ఎవరని అడుగుతుందా? ఇంత చేసి, పాపం మూటగట్టుకుని, అదంతా బూడిదలో పోసిన పన్నీరయింది. ఆ ఉండ అక్కడ పదేళ్ళున్నా ఎవరికీ తగలదు, ఎవరికీ తెలియదు.

ఎవరికీ తెలియదు అన్న మాట దగ్గరే ఆమెకు ఒళ్ళు చల్లబడింది. ఇంట్లో అన్నిటికంటే ఎత్తున ఉన్న గూట్లో, పచ్చగుడ్డలో చుట్టిన ఖురాను ఉంటుంది. దాని వైపు కాళ్ళు చాపి ఎవరూ పడుకోరు. చేతులు కడుక్కోనిదే ముట్టరు. ఎప్పుడన్నా చెయ్యి జారబోతే గుండె ఆగినంత పనవుతుంది. వీళ్ళ పుస్తకంలో ఏముందో ఆమెకు తెలియదు. కానీ చలికి రజాయి కప్పేవాళ్ళు దాన్ని ఎట్లా చూసుకుంటారో తెలియడానికి ఆ చదువు అక్కర్లేదు. మనిషి వీపు కింద ఉండ పెట్టడానికి వెనకాడని చేతులు, ఇప్పుడు కొంగు కింద ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

పెద్దాయన పరుపు మంచం మీద పరిచాడు. దానికి తల వంచాడు. తర్వాత అరచెయ్యి ఆనించి ఆ చివర నుంచి ఈ చివర దాకా మెల్లగా రాసుకుంటూ వచ్చాడు. నడుమకొచ్చేసరికి ఆ చెయ్యి ఆగిందో, ఆగలేదో, జైతూన్‌బీ ఊపిరి మాత్రం ఆగింది. ఆయన తన భాషలో ఏదో అన్నాడు.

"ఇంత మెత్తటి పరుపు ఎప్పుడూ చూడలేదంట," అంది పెద్దామె. "షబానా చెయ్యి బంగారం అంటున్నాడు. అర్దాస్, అదే మా ప్రార్థన, కాగానే నీకు సిరోపా వేస్తాడన్నా. కాషాయం గుడ్డ."

షబానా మళ్ళీ తల వంచుకుంది. మెత్తదనం కుట్టులోంచి వస్తుందా? ఇప్పుడన్నా చెప్పొచ్చు. చెప్పలేదు. జైతూన్‌బీ పళ్ళు బిగించింది. తనెందుకు నోరు విప్పాలి? విప్పితే పరువు తనది పోతుంది, గుడ్డ ఎటూ షబానా మెడలోనే పడుతుంది. ఉండ ఉంటే ఉండనీ. వీళ్ళకు తెలియదు, పుస్తకానికి తెలియదు.

పెద్దాయన మడత దుప్పటి తెచ్చి పరుపు మీద వేశాడు. ముడతలు సర్దాడు. ఆఖరున వెళ్ళబోతూ, పసిబిడ్డను జోకొట్టినట్టు పరుపును రెండుసార్లు మెల్లగా తట్టాడు. సరిగ్గా నడుమ తట్టాడు.

"ఆ పరుపు ఇట్టియ్యండి," అంది జైతూన్‌బీ.

అందరూ ఆమె వైపు తిరిగారు. "ఏమైందన్నా?" అంది పెద్దామె.

"నడుమ దూది సరిగ్గా కూర్చోలా. నింపింది నేను. నాకు తెలస్తా ఉండాది. విప్పి మళ్ళీ నింపుతా."

షబానా చటుక్కున తలెత్తి చూసింది.

హాలు బయట వసారాలో దుప్పటి పరిచి ఇచ్చారు. ప్రార్థనకు ఇంకా గంటకు పైగా టైముంది. షబానా సంచిలోంచి కత్తెర, దబ్బనం తీసి పక్కన పెట్టింది. జైతూన్‌బీ నడుమనున్న టాకాలు తెంచింది, మూతి విప్పింది. బిస్మిల్లా అనుకుని భుజం దాకా చెయ్యి దూర్చింది. ఉండ చేతికి తగిలింది. దాన్ని పిడికిట్లో దాచి బయటికి తీసి, ఎవరూ చూడకుండా బొడ్లో దోపుకుంది. అంతటితో మూసేయొచ్చు. కానీ చెయ్యి ఊరుకోలేదు. నడుమ దూదంతా బయటికి లాగి కుప్ప పోసింది. మిషను లేదు గనక వేళ్ళతోనే పింజింది. చిటికెడు చిటికెడు తీసి, విప్పి, గాలి పోసి, మళ్ళీ లోపల పరిచింది. పులికాటు గాలికి దూది ఎగిరిపోతుంటే సర్దార్ల ఆడవాళ్ళు నలుగురు చుట్టూ కూర్చుని చున్నీలు అడ్డం పట్టారు. జైతూన్‌బీ ముక్కుకు గుడ్డ కట్టుకోలేదు. నుసి ఎగిరి గొంతులో పడి దగ్గొచ్చింది. దగ్గుతూనే పరిచింది. డ్రైవర్లు దూరంగా నిలబడి చూశారు.

నింపడమయ్యాక షబానా ఎదురుగా కూర్చుని మూతి కుట్టింది. జైతూన్‌బీ గుడ్డ బిగించి పట్టుకుంది. అరుగు మీద ఒకరూ, లోపల ఒకరూ తప్ప, ఇద్దరూ ఒక పరుపుకు అటూ ఇటూ కూర్చుని పని చేసి ఎన్నేళ్ళయిందో. టాకాలు వేస్తున్నంతసేపూ షబానా ఒక్కసారి కూడా ఆమె ముఖంలోకి చూడలేదు.

ప్రార్థన అయింది. పెద్దాయన మడిచిన కాషాయం గుడ్డ చేతిలో పట్టుకుని పిలిచాడు. షబానా కొంగు సర్దుకుని లేచింది. పెద్దామె ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"నువ్వు కాదన్నా, ఆమె. అందరూ బాగుందన్నా తృప్తి లేక మళ్ళీ విప్పింది చూడు, ఆమెకు వెయ్యమన్నాడు."

షబానా నిలబడ్డ చోటే ఒక క్షణం ఆగి, చీర కుచ్చెళ్ళు సర్దుకోవడానికే లేచినట్టు సర్దుకుని మళ్ళీ కూర్చుంది. జైతూన్‌బీ ముందుకు నడిచింది. అందరి ముందర ఆమె మెడలో గుడ్డ పడింది. అందరూ గట్టిగా ఏదో జయం పలికారు. బుధవారం నుంచి ఆమె కడుపు కాలింది దీనికోసమే. ఇప్పుడది మెడ మీద పడితే తడిపిన దుప్పటి వేసినట్టు బరువుగా ఉంది. బొడ్లో ఉండ గుచ్చుకుంటోంది. తిరిగి వస్తూ షబానా ముఖం చూసింది. పెదాలు నవ్వుతున్నాయి, కళ్ళు గుడ్డను చూస్తున్నాయి. ఆ చూపేమిటో జైతూన్‌బీకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇన్నేళ్ళుగా అది తన చూపే.

భోజనాలకు అందరినీ ఒకే బారున నేల మీద కూర్చోబెట్టారు. రొట్టెలు వడ్డించే అతను ఎదురుగా వచ్చి ఆగాడు. జైతూన్‌బీ కుడిచెయ్యి చాపింది. అతను వెయ్యలేదు, నవ్వుతూ నిలబడ్డాడు. పక్కనున్న ఆడమనిషి రెండు చేతులూ దోసిలి పట్టి చూపించింది. జైతూన్‌బీ దోసిలి పట్టింది. వేడి రొట్టె అందులో పడింది. పప్పుతో సగం తిని, మిగతాది పళ్ళెం అంచున పెట్టింది. షబానా తన పళ్ళెం వైపే చూస్తూ మొత్తం తినేసింది.

నెల్లూరు బస్సు కోసం హైవే పక్కన రేకుల షెడ్డు కింద నిలబడ్డారు. హజరత్తయ్య అంగడికి ఎవరో వచ్చారని వెళ్ళిపోయాడు. షబానా తలలో పూలు వాడిపోయాయి. లారీ ఒకటి పెద్దగా హారను కొట్టుకుంటూ పోయింది. దాని దుమ్ము అణిగేదాకా జైతూన్‌బీ ఆగింది.

"షబానా, ఒక మాట."

"చెప్పక్కా."

"ఈ గుడ్డ నాకు రావలసింది గాదు." బొడ్లోంచి ఉండ తీసి చేతిలో పెట్టుకుని చూపించింది. "దూది సరిగ్గా కూర్చోకపోవడం గాదు. ఇది నేనే పెట్టినా. నీ పేరు చెడాలని పెట్టినా."

షబానా ఉండ వైపు చూసింది. ఆశ్చర్యపోలేదు. ఏడుస్తుందని, తిడుతుందని, మొగుడితో చెబుతుందని, వీటిలో దేనికైనా జైతూన్‌బీ సిద్ధపడే నోరు విప్పింది.

"తెలుసు," అంది షబానా.

"ఏం తెలుసు?"

"దబ్బనం దించతా ఉంటే తగిలింది. దాని పక్కన గుడ్డ నొక్కి చూసినా. ఇంత ఉండ ఉండాదని అప్పుడే తెలుసు."

"తెలిసి ఊరకున్నావా?"

షబానా రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. "నింపింది నువ్వు గదా. గుళ్ళో ఎవురన్నా నొక్కి చూసి ఇదేందని అడిగితే, అక్క నింపిందని చెబ్దామనుకున్నా. అందరి ముందర చెప్పాలని శనివారం నుంచీ మనసులో అనుకుంటా ఉండా."

ఇన్నేళ్ళకు ఆ మాట చెప్పడానికి ఆమెకు కారణం దొరికింది. జైతూన్‌బీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నేను నీకేం అన్యాయం చేసినా?" అంది. అనగానే ఆ మాట తన నోటికే ఎబ్బెట్టుగా తోచింది.

"నేను వచ్చి పన్నెండేళ్ళయింది," అంది షబానా. గొంతు పెంచలేదు గానీ మాటలు ఆగలేదు. "నింపేది నేర్పమంటే నేర్పవు. గడప లోపలికి రానీవు. అరుగు మీద బొమ్మ లాగా కూర్చోబెట్టినావు. రేపు మా ఆయన వేరే పోదామంటే నేనేం చేసుకుని బతకాలక్కా? ఖాళీ సంచులు కుట్టుకోనా? పని నీ చేతిలో ఉండాది, బావ నీ మాటే వింటాడు, అందరూ నిన్నడిగే ఏదన్నా చేస్తారు. నాకుండేది దారిన పోయేటోళ్ళ పొగడ్త ఒకటే. దానిక్కూడా నువ్వు ఏడస్తావు."

జైతూన్‌బీ చేతిలోని ఉండను రోడ్డు పక్క తుమ్మచెట్ల మీదికి విసిరేసింది. అది ఎక్కడ పడిందో కనపడలేదు.

ఆ తుమ్మచెట్ల వైపే చూస్తూ షబానా మళ్ళీ మాట్లాడింది. ఈసారి గొంతు తగ్గింది. "పుస్తకానికని తెలిసినాక నాక్కూడా గుండె దడదడలాడింది. ఐనా నోరు మూసుకునే ఉన్నా. నువ్వు తీస్తావనుకోలా." వాడిన పూలు తలలోంచి తీసేసింది. "నేనైతే తీసేదాన్ని గాదక్కా."

జైతూన్‌బీకి ముఖం వేడెక్కింది. అరుగు మీద కూర్చున్న మనిషికి ఊళ్ళోవాళ్ళంతా చెప్పిన పొగడ్తలన్నీ ఒకవైపు పెట్టినా, పని తెలిసిన మనిషి నోట్లోంచి వచ్చిన ఈ ఒక్క మాటకు సరితూగవు. సంతోషం కలిగింది. ఇటువంటి పని చేసి కూడా సంతోషం కలిగినందుకు సిగ్గేసింది. సిగ్గేసినా సంతోషం పోలేదు.

బస్సు వచ్చింది. ఇద్దరి మధ్యా ఈసారి పరుపు లేదు. ఒకే సీట్లో కూర్చున్నారు. జైతూన్‌బీ మెడలో గుడ్డ తీసి మడిచి ఒళ్ళో పెట్టుకుంది. షబానా దాని వైపు చూడకుండా ఉండటానికి కిటికీలోంచి చూస్తోంది. సూళ్ళూరుపేట నుంచి వస్తున్న బస్సు, నిండా జనం, కండక్టరు టికెట్లు కొట్టుకుంటూ వాళ్ళను దాటిపోయాడు.

"రేపు పొద్దున్నే ముక్కుకు గుడ్డ కట్టుకుని లోపలికి రా," అంది జైతూన్‌బీ. "మూలలు ఎట్టా కూరాలో చూపిస్తా."

షబానా ఇటు తిరిగింది. ఆ మాట నిజమో, పంతానికి అన్నదో పట్టి చూస్తున్నట్టు కాసేపు చూసింది.

"నేను లోపలుంటే, అరుగు మీద ఎవురు కూర్చుంటారక్కా?"

"నేను," అంది జైతూన్‌బీ, ఆమె మాట పూర్తయీ కాకముందే.